సాయవ్వ మడి బియ్యం

ఉత్త చేతులతోని రా అన్నది అవ్వ. ఫోన్ల ఆ మాటొక్కటే సాఫ్‌గ ఇనవడ్డది, మిగిలిందంత దగ్గే. మహిమ పెండ్లి, ఒడిబియ్యం పొయ్యాలె, బొట్టు లేనిదాన్ని నేను పొయ్యొద్దంట, పెండ్లికొడుకు దిక్కు ముసలోళ్ళు ఒప్పుకుంటలేరు, ముత్తైదువవు నువ్వొచ్చి పొయ్యి, బియ్యం ఈడ ఉన్నయ్, అన్నీ ఉన్నయ్, నువ్వేం తేకు, ఉత్త చేతులతోని రా. ఇగ నేనేమనాలె? అవ్వా, కడుపుల వుట్టిన బిడ్డకు ఒక్క గింజ పొయ్యనిదానివి, నువ్వు పెంచుకున్న ఎవరో పిల్లకు పొయ్యనీకి నా చేతులు గావాల్సి వచ్చినయా నీకు, అనాలె. నోటిదాక వచ్చింది. "ఎన్ని గంటలకు రావాలె?" అన్న. థూ నా బతుకు. ఫోన్ పెట్టినంక మా ఆయన పేపర్ల నుంచి తల ఎత్తి "పోతవా?" అన్నడు. "పోకుంటె?" అన్న. "పోకుంటె పోకు" అన్నడు. ఆయనకు అంత అల్కగ, సుళువుగ ఉంటది, ఆయన తల్లి ఆయనను నెత్తికి నూనె వెట్టి, నోటికి ముద్ద వెట్టి పెంచింది, అసొంటోనికి ఏమెరుక.

ఎరుక లేనిది ఆయనకొక్కనికేనా, నాకు మాత్రం ఎరుకనా ఒడిబియ్యం ఎట్ల పోస్తరో? రాత్రి యూట్యూబుల చూసిన. నవ్వొస్తది చెప్తె. కరీంనగర్ల మూడంతస్తుల ఇల్లు, దొరల బిడ్డ, ఇద్దరు పిల్లల పెండ్లిళ్ళు చేసిన మనిషి, ఫోను ముంగట వెట్టుకొని ఎవరో పోరి చెప్తుంటె నేర్సుకుంటున్న, రెండు దోసిళ్ళతోని పొయ్యాలె, ఐదు సార్లు పొయ్యాలె, ఎండుకొబ్బరి కుడుకలు వెట్టాలె, పోకలు వెట్టాలె. నా పిల్లకు ఒడిబియ్యం మా అత్త పోసింది, నేను వెనుక నిలవడ్డ, నాకు పొయ్యనిది నేనెట్ల పోస్త అని మొండికేసిన. మా దిక్కు ఇదేం చిన్న ముచ్చట గాదు. బిడ్డను అత్తగారింటికి తోలేటప్పుడు తల్లి ఆమె కొంగుల పసుపు గలిపిన బియ్యం పోస్తది, మల్ల కొన్నేండ్లకోసారి పిల్చి చీర వెట్టి పోస్తది, ఆ బియ్యం తెచ్చి అత్తగారింట్ల వండి వాడకంత పెడుతరు, ఇగో నాకొక తల్లిగారిల్లు ఉన్నది, ఇంకా ఎండిపోలే అని చెప్పుడన్నమాట. నా వాడకట్టుల ప్రతి ఆడిది నాకు ఆ అన్నం పెట్టింది. అందరింట్ల తిన్న. నా ఇంట్ల ఒక్కనాడు వండలే. మొన్నటికి మొన్న ఎదురింటి మమతారాణి, దాని తల్లి మంచంల వడి ఉండి గూడ, కొడుకుల చేతులు వట్టుకొని లేచి కూసోని పోసిందంట, వచ్చి నాకు చెప్పుకుంట ఏడ్సింది, నేను "అయ్యో పాపం" అన్న, లోపట మాత్రం నీ ఏడుపు బంగారం గాను, నీకేం తక్కువైందే అనుకున్న.

"మేడం, అద్దం ఎక్కియ్యాల్నా?" డ్రైవర్ ఓంప్రకాశ్ అడుగుతుండు. మెట్‌పల్లి దాటినం. రోడ్డు పొంటి చేన్లల్ల పసుపు ఉడకవెడుతున్నరు, పొగ కారు లోపటికి వస్తున్నది, మట్టి వాసన, ఘాటు, గొంతుల వడుతున్నది. ఉండనీ అన్న. ఈ వాసన నా పెండ్లి వాసన. నా పెండ్లినాడు గడీల ఇంత పసుపు, అంత పసుపు, గుమ్మాలకు పసుపు, రోలుకు పసుపు, పొయ్యడానికి తల్లి తప్ప అన్నీ ఉండె. అవ్వ జైల్ల ఉన్నది అప్పుడు. బీడీలు చేసేటి ఆడోళ్ళ కూలి గురించి ఊరేగింపు తీసిందని, పోలీసోళ్ళ మీదికి పోయిందని పట్టుకపోయిన్రు. మా మేనత్త పళ్ళెం తీసుకొని వచ్చింది, తల్లి లేనప్పుడు మేనత్తనే తల్లి, రా బిడ్డా కొంగు వట్టు అన్నది. నేను పట్టలే. మా అవ్వ సచ్చిపోలే, జైల్ల ఉన్నది, వచ్చినంక పోస్తది, ఆమె పోస్తెనే పోసుకుంట లేకుంటె లేదు అన్న. అందరు ముక్కు మీద ఏలేసుకున్నరు. బాపు, చొక్కారావు దొర, ఊరంత గజగజలాడేటి మనిషి, లేచి గోడ దిక్కు తిరిగిండు. అట్ల ఉత్త కొంగుతోనే కారెక్కిన. గంత పొగరు ఎందుకు చూపిచ్చిననో నాకే తెల్వదు, ఆమె బిడ్డనే గదా, పొగరు ఎక్కడికి పోతది.

వచ్చింది, జైలు నుంచి ఇడిసినంక. కరీంనగర్ నా ఇంటికి వచ్చింది, ఖద్దరు చీర, భుజాన సంచి, సంచిల అప్పుడే అచ్చయిన ఆమె పుస్తకం. చీర లేదు, బియ్యం లేవు, ఇగో చదువు అని పుస్తకం చేతుల వెట్టింది. నేను సిగ్గు ఇడిచి అడిగిన, "అవ్వా, ఒడిబియ్యం పొయ్యవా? గడీల ధాన్యానికి కొదువా, బాపును అడిగి తెప్పిచ్చుకుంట" అని. ఆమె చాయ్ గ్లాసు కింద వెట్టి నా దిక్కు చూసింది, ఏదో సభల ఎవరో తప్పు ప్రశ్న అడిగినట్టు. "ఆ బియ్యం ఎవరు పండిచ్చిన్రో, ఎన్ని దెబ్బలు తిని పండిచ్చిన్రో ఎరుకనా నీకు? గడీ బియ్యం నేను ముట్ట" అన్నది. ముట్టకు. నేను గూడ గడీదాన్నే గదా, మరి నన్నెట్ల ముడుతవు? అడగలే అది గూడ. చాయ్ తాగి పోయింది. ఎనుకట గడీల ఉన్నప్పుడు బంగారు కడియాలేసుకొని మేనాల తిరిగిన దొరసాని, మా వాకిట్ల నుంచి నడుసుకుంట బస్టాండుకు పోయింది. నేను మేడ మీదికెక్కి కనవడేదాక చూసిన.

ఆమె పోవుడు నాకు కొత్తగాదు. మొదటిసారి పోయింది నా తల దువ్వుకుంట దువ్వుకుంట. నాకప్పుడు తొమ్మిదో పదో. గడీ లోపలి వసారల పీట మీద కూసుండవెట్టి రెండు జడలేస్తున్నది, ఒకటి ఏసింది, రిబ్బను గూడ కట్టింది, రెండోది పాయలు తీస్తున్నది, బయట వాకిట్ల నుంచి కేక. సాయవ్వది. సాయవ్వ మొగడు అంతయ్య ఎట్టి చాకిరికి రానన్నడని కట్టేసి కొడుతున్నరు, కొట్టిచ్చేది మా బాపు. కేకలు మాకేం కొత్త, రోజూ ఉండేటివే, అవ్వ అయితె ఎప్పుడు ఇనవడనట్టే ఉండేది, పుస్తకం చదువుకునేది. ఆ పొద్దు ఏమైందో. దువ్వెన నా ఎంట్రుకలల్ల ఇరికిచ్చి లేచింది. ఇగో వస్త అనలే, కదలకు అనలే. పోయి అంతయ్య కట్లు ఇప్పిందంట, నలుగురి ముంగట మొగనికి అడ్డం నిలవడ్డదంట, ఇదంత తర్వాత పుస్తకంల చదివిన, లోకమంత చదివింది, చదివి చప్పట్లు కొట్టింది. లోపట వసారల పీట మీద ఒంటి జడతోని కూసున్న పోరి సంగతి పుస్తకంల లేదు. పొద్దుగూకేదాక కూసున్న. దాసి వచ్చి నేనేస్త రా అంటె కరిచిన. అవ్వ మల్ల ఆ వసారలకు రాలే. అప్పటి సంది సాయవ్వ మీద నాకు కండ్లల్ల మంట. దెబ్బలు తిన్నది దాని మొగడు, ఏడ్సింది అది, నిజమే, తప్పు మాదే, అన్నీ నాకెరుకే, చదువుకున్నదాన్నే. కని అది ఇంకో గడియ ఆగి కేకేస్తె ఏం పోతుండె, నా రెండో జడ అయిపోతుండె గదా, అని ఈ వయసుల గూడ అనిపిస్తది. అనిపిస్తె ఏం జెయ్యాలె.

ఆ పుస్తకంల నా గురించి ఒక్క వాక్యం ఉన్నది. "ఒక బిడ్డను విడిచి వచ్చాను." గంతే. గడీల కుక్క గురించి పేజీన్నర రాసింది, దాని పేరు గూడ రాసింది. నా పేరు లేదు. మధులిక అని ఆ పేరు వెట్టింది ఆమెనే, ఊర్లె ఎవరికీ నోరు తిరగని పేరు, అప్పుడే పుస్తకాల పిచ్చి. సాయవ్వకైతె ఏకంగ పాఠం రాసింది, బాపు దున్నకుండ పడావు వెట్టిన భూమి మీదికి తను ఊరోళ్ళను నాగండ్లతోని తోలుకపోయి దున్నిచ్చినప్పుడు మొదటి సాలు సాయవ్వ వట్టిందని, సాయవ్వ చేతి రొట్టె తిన్ననని, సాయవ్వ నాకు బతుకుడు నేర్పిందని. పోయినేడు కరీంనగర్ల సభ వెట్టి శాలువ గప్పిన్రు. నేను గూడ పోయిన, ముందు వరుసల కుర్సీ ఇచ్చిన్రు, నేనెవరో ఎరుక గాదు, పట్టుచీర చూసి ఇచ్చిన్రు. పోరగాండ్లు, ముసలోళ్ళు, బీడీలు చేసేటి ఆడోళ్ళు, అందరు రాధక్క రాధక్క అనుకుంట మీద వడుతున్నరు, ఒకామె అయితె అవ్వ చేయి తీసుకొని తన చెంపకు ఆనిచ్చుకున్నది, అవ్వ ఆనిచ్చుకోనిచ్చింది. పక్క కుర్సీల పిల్ల నన్నడిగింది, "మీరు రాధక్కకు ఏమైతరు మేడం?" అని. "తెలిసినోళ్ళం" అన్న.

ఆ సభల మైకు సరిజేసి, నీళ్ళిచ్చి, మందుగోలి తీసిచ్చి, చెప్పులు తొడిగింది ఎవరు? మహిమ. సాయవ్వ మనుమరాలు. దాని నాయిన జేమ్స్ లారీ కింద వడి పోయిండు, తల్లి కామెర్లకు పోయింది, సాయవ్వ సచ్చేటప్పుడు పోరిని అవ్వ చేతుల వెట్టి పోయిందంట. సచ్చి గూడ నన్ను ఇడువలే ఆ సాయవ్వ. అవ్వ పెంచింది, నర్సు చదివిచ్చింది. ఓసారి బాపు దినాల సంగతి చెప్పనీకి నేను అవ్వ ఉండే ఊరికి పోయిన, ఇంకా బడికి పోయేటి పోరి అప్పుడు మహిమ. ఇంటి ముంగట గద్దె మీద కూసుండవెట్టి అవ్వ దానికి జడలేస్తున్నది. నేను తొవ్వ మీదనే నిలవడ్డ. ఒకటేసింది. పాయ తీసింది, రెండోది గూడ ఏసింది, చివరిదాక, రిబ్బను మడిచి పువ్వు లెక్క కట్టింది, గదువ వట్టుకొని ముఖం అటు ఇటు తిప్పి చూసింది. "అవ్వా, గట్టిగేసినవే, గుంజుతుంది" అన్నది పోరి. అవ్వ! అది నా మాట. లోకమంత రాధక్క అంటె అనుకోనీ, అవ్వ అనేటిది నాదొక్కదానిదే అనుకుంటుంటి. ఆ పొద్దు చెప్పాల్సింది చెప్పి చాయ్ తాగకుండ వచ్చిన, దారి పొడుగుత నా ఎంట్రుకలు నేనే పట్టుకొని కూసున్న.

సోన్ బ్రిడ్జి వచ్చింది, కింద గోదారి, నీళ్ళు తక్కువ, రాళ్ళు తేలి ఉన్నయ్. ఓంప్రకాశ్ అద్దం దించి రూపాయి ఇసిరి దండం వెట్టుకున్నడు. నేను వెట్టుకోలే, నా ధ్యాసంత డిక్కీల ఉన్నది. ఉత్త చేతులతోని వస్తనా నేను? డిక్కీల సంచి ఉన్నది. బాపు పోయినంక నా వంతుకు వచ్చిన గడీ మడి, ఆ మడిల పండిన సన్నబియ్యం, రాత్రి నేనే ఏరి, నేనే పసుపు, నెయ్యి గలిపి కట్టిన. గడీ బియ్యమే పోస్త. అందరి ముంగట సంచి ఇప్పి నీ మహిమ ఒడిల గడీ బియ్యమే పోస్త, ఎట్ల ముట్టవో చూస్త, ముట్టకుంటె నీ మహిమ పెండ్లి పాడైతది, ముడితె నీ మాట పాడైతది, ఏదో ఒకటి పాడుగావాలె, నాదొక్కదానిదే ఎందుకు పాడుగావాలె. దేవుడు లేడు, దయ్యం లేదు, ముత్తైదువ లేదు, ముండ లేదు అని పుస్తకాలు రాసినదానివి, ఇప్పుడు బొట్టు లేనిదాన్ని పొయ్యరాదంటున్నరు అని ఫోన్ చేస్తవా? నా పెండ్లికి సిద్ధాంతం అడ్డమొచ్చింది, ఈ పోరి పెండ్లికొచ్చేసరికి సిద్ధాంతం గంప కింద మూసినవ్. నిర్మల్ బజార్ల కారు ఆపిచ్చి కట్టెబొమ్మలు కొన్న, దానిమ్మ పండు, సీతాఫలం, రంగు తళతళ మెరుస్తున్నయ్. కోపంల ఉన్నా కానుక లేకుండ పోతె బాగుండదు, దొరల బుద్ధి.

ఊరు వచ్చింది. మోరి పక్కన చిన్న గుడి, తెల్ల సున్నం, పైన సిలువ, పందిట్ల కుర్సీలు. లగ్గం అయిపోయింది, అందరు అవ్వ ఇంటి ముంగట ఉన్నరు. మొదలు నన్ను చూసింది పాస్టరు యేసుదాసు, మహిమకు చిన్నాయన వరస, చేతుల బైబిలు ఉన్నది, చేతి ఏళ్ళకేమో పసుపు. "రాండ్రి రాండ్రి అక్కా, మీ గురించే ఆగినం. మా గుళ్ళె గిది లేదు, కని ఆడోళ్ళు ఇంటరా? ప్రార్థన చేసి పోసుకోండ్రి అన్న" అని నవ్విండు. దేవుడే లేడనేటి అవ్వ, ఏసే దేవుడనేటి పాస్టరు, ఇద్దరు గూడి బియ్యానికి పసుపు రాసిన్రు. అవ్వ ప్లాస్టిక్ కుర్సీల ఉన్నది. ఇంత చిన్నగైంది. ఒడిల చాట వెట్టుకొని బియ్యం ఏరుతున్నది, చూపు ఆనక గింజ గింజ కంటి దగ్గరికి తెచ్చుకుంటున్నది. తల ఎత్తింది. "వచ్చినవా. చేతులు కడుక్కో" అన్నది. ఎట్లున్నవు లేదు, తిన్నవా లేదు. కడుక్కున్న. వచ్చి చాట దిక్కు చూసిన. దొడ్డుబియ్యం, సగం నూక, పసుపు గలిపినా ఎర్రగనే ఉన్నయ్. "సాయవ్వ మడిల బియ్యం" అన్నది. ఇంకో రాయి తీసి పారేసింది. "అప్పుడు నువ్వడిగిన్నాడు నాకు నాదనేటి గింజ లేకుండె, మధూ. కూలిపోయి తెచ్చుకున్న బియ్యం ఉండె ఒక సోలెడు, అవి తెస్తె మీ అత్తగారింటోళ్ళు నవ్వుతరు అనుకున్న."

ఆ మాటకు నాకు ఏడుపు రావాలె గదా. రాలే. నవ్వితె నవ్వుతుండె, నేను నవ్వుదునా, ఆ సోలెడు తెస్తె నేను నా ఇంటి ముంగట పందిరేసి వండుదును గదనే అవ్వా, అని లోపట ఉడికిపోయిన. ఇప్పుడున్నయ్ గదా, ఇప్పుడు దీనికి పోస్తున్నవ్. ఓంప్రకాశ్ ఎనుక నుంచి వచ్చిండు. "మేడం, డిక్కీల సంచి తేవాల్నా?" అవ్వ చెవులు ఇంకా బాగనే ఉన్నయ్, ఏం సంచి అన్నట్టు చూసింది. తెమ్మంటె ఏమైతదో నాకు కండ్లకు కట్టినట్టు కనవడ్డది. అవ్వ వద్దనదు, కొట్లాడదు. లేస్తది. చాట కుర్సీల వెట్టి, కట్టె వట్టుకొని లేచిపోతది. లేచిపోవుడు ఆమెకు ఎరుకే, కూసుండుడు నాకు ఎరుకే. "ఉండనీ" అన్న. మంచితనమేం గాదు, భయం.

మహిమను పీట మీద కూసుండవెట్టిన్రు. తెల్లచీర, ముఖమంత చెమట, పిరికి చూపు. ఏం పాపం చేసింది ఇది, అని ఒక దిక్కు, అన్నీ ఇదే దోసుకపోయింది అని ఇంకో దిక్కు. కొంగు వట్టింది. చాటల రెండు చేతులు వెట్టిన. మొదటి దోసిలి పోసిన, ఇది నా పెండ్లిది. ఇంకోటి, ఇది నా పెద్దోడు పుట్టినప్పటిది. ఇది కొత్తింట్లకు పోయిన్నాటిది. ఇది బాపు పోయినప్పటిది, ఇది ఉత్తగనే, ఊకె బిడ్డ యాదికొచ్చి తల్లి పిల్చి పోసేటిది. నాయి అన్నీ దాని ఒడిల పోసిన, నా చేతులతోని. అది "అక్కా" అని నా చేతుల మీద ముఖం వెట్టి ఎక్కెక్కి ఏడ్సింది, నా చేతులు తడిసినయ్, తీసుకోలేకపోయిన. అప్పుడు పెండ్లికొడుకు నాయనమ్మ లేచింది. "పిడికిళ్ళు తిరిగి పొయ్యి బిడ్డా. తల్లిగారిల్లు ఉత్తగ ఇడిచి పోవద్దు." మా దిక్కు అది గూడ ఉన్నది, పోసుకున్న బిడ్డ పిడికెడు పిడికెడు మల్ల తల్లిగారింటోళ్ళ కొంగుల పోస్తది. యూట్యూబుల పోరి చెప్పలే అది. అందరు అవ్వ దిక్కు తిరిగిన్రు. మహిమ పిడికిలి పట్టుకొని అవ్వ దిక్కు వంగింది. అవ్వ కొంగు పట్టలే. చేతులు కట్టె మీద అట్లనే ఉన్నయ్.

"నాకు గాదు" అన్నది. దగ్గింది. దగ్గు ఆగినంక కట్టెతోని నన్ను చూపిచ్చింది, సభలల్ల మాట్లాడేటి గొంతుతోని, పందిట్ల ఎనుక కూసున్నోళ్ళకు గూడ ఇనవడేటట్టు, "అగో, నా బిడ్డ నిలవడ్డది. నా బిడ్డ కొంగుల పొయ్యి" అన్నది.

నేను ఆలోచన చెయ్యలే. ఆలోచన చేస్తె పట్టకపోదునేమో. పట్టుచీర కొంగు రెండు చేతులతోని ఇప్పి పట్టిన. మహిమ పోసింది. ఎర్రటి నూక బియ్యం, సాయవ్వ మడివి, నా కొంగుల అడుగుకు పడ్డయ్. దాని ఒడి నిండ ఉన్నయ్, నా కొంగుల ఇన్నే ఉన్నయ్, చూసిన, కొలుసుకున్న, కడుపు మండింది. అది పొయ్యంగ మిగిలినయి ఇవి, దాని నుంచి వచ్చినయి, నాకు ముందుగాల రాలే, సక్కగ రాలే. అయినా ఒక్క గింజ కింద వడనియ్యలే. అవ్వ కుర్సీల నుంచి ముంగటికి వంగి, నా కొంగు కొస వట్టుకొని నా చేతుల వెట్టింది.

"గట్టిగ ముడెయ్యి బిడ్డా. తొవ్వల ఒలుకుతయ్."

ఏసిన. దాని మీద ఇంకో ముడి ఏసిన.